తారమ్మ పుట్టింటి ప్రయాణం

ఆ రోజుల్లో కోపం రావడానికి ఇప్పటిలా పెద్ద పెద్ద కారణాలు అక్కర్లేదు. రాజమండ్రిలో బీయస్సీ ఫిజిక్సు చదువుతూ, మండపేట దగ్గరున్న మా ఊరికి వారం వారం వచ్చిపోతూ, ఇంగ్లీషు అర్థమయ్యేది ఊరు మొత్తానికి తనొక్కడికేనని నమ్మే కుర్రాడికి ఆదివారం పొద్దున్న టీవీ పెడితే చాలు. ఇప్పుడు పెట్రోలు ధర పెరిగినా పళ్ళు కొరుక్కుని ఊరుకుంటున్నాను గానీ, అప్పట్లో ఒక సీరియల్లో ఒక ఎపిసోడు పాడుచేశారని రెండు పూటలు అన్నం మానేసిన సందర్భం కూడా ఉంది. (మూడో పూట పనసపొట్టు కూర వండారు. దానికీ సీరియల్‌కీ సంబంధం లేదు కాబట్టి తిన్నాను.)

ఆ సీరియల్ అంతరిక్షం కథ. ఎక్కడో పరాయి దేశంలో తీసింది. ఒక పెద్ద ఓడలో కొంతమంది మనుషులు గ్రహం తర్వాత గ్రహం తిరుగుతుంటారు. మా నాన్నకు వరసకు తమ్ముడయ్యే డిష్ బాబాయ్ (కొబ్బరితోట అమ్మి కేబుల్ టీవీ పెట్టాడు కనక ఆ పేరు) వారం మధ్యలో వచ్చే ఎపిసోడును టేపు మీద ఎక్కించి, ఆదివారం పది గంటలకు ఊరందరికీ వేసేవాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ ఇంగ్లీషు ఊళ్ళో ఎవరికీ తెలియదు గదా. అందుకని బాబాయ్ టేపులో గొంతు తీసేసి, తన కేబుల్ గదిలో మైకు పెట్టి, బొమ్మ నడుస్తుండగా కథను తెలుగులో చెప్పించడం మొదలుపెట్టాడు. నేనుండగా, ఫిజిక్సు చదివిన నేనుండగా, ఆ పని రిటైరైన తెలుగు మాస్టారికి అప్పగించాడు! ఆయన్ని అందరూ పురాణం మాస్టారు అనేవారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. బొమ్మ చూసి, తనకు తోచింది చెప్పేవారు.

ఒక ఎపిసోడులో మూడు కళ్ళున్న రాజొకడు ఓడను పట్టుకుని మనుషుల్ని ఖైదు చేస్తాడు. వాడంత నీచుడు ఆ సీరియల్ మొత్తంలో లేడు. మాస్టారు వాణ్ణి చూడగానే మైకులో "ముక్కంటి! హరహర మహాదేవ!" అనేశారు. ఇంకేముంది, ఒకసారి శివుడన్నాక దుర్మార్గుడని ఎలా అంటారు? కథ మొత్తం తిరగేశారు. ఖైదు భక్తులకు పరీక్ష అయింది, కొరడా దెబ్బలు కర్మక్షయం అయ్యాయి. చివర్లో మన కెప్టెను వాడి కోటను పేల్చేస్తుంటే "దీపావళి, అమ్మా, దీపావళి" అన్నారు. మా ఇంటి అరుగు మీద కూర్చుని చూస్తున్న ఆడవాళ్ళు చెంపలేసుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నీళ్ళు లేని గ్రహం ఎపిసోడు వచ్చింది. నిజం చెప్పాలంటే అది చాలా నాసిరకం ఎపిసోడు. ప్రతి గ్రహం మీదా ఉండే అదే అట్టముక్కల కొండ, అదే ఎర్ర లైటు. మాస్టారు దాన్ని చూసి "ఇక్కడా కాలువలు కట్టేశారండి, లాకుల దగ్గర అడిగే నాథుడు లేడు" అన్నారు. వేసవి, మా కాలువలూ కట్టేసిన రోజులు. ఆ వారమంతా కాఫీ హోటల్లో రైతులు ఆ గ్రహం ఇంజినీర్లను తిట్టారు. సరే, పోనీ. కానీ కాలం వెనక్కి తిరిగే ఎపిసోడు ఉందే, అది రత్నం! ఒకటే రోజు మళ్ళీ మళ్ళీ జరుగుతుంటుంది. అందులోంచి బయటపడే దారి ఓడ నడిపే పిల్ల ఒక్కతే కనిపెడుతుంది. నేను రాజమండ్రి నుంచి బస్సులో నిలబడి వచ్చాను దానికోసం. అదే సీను రెండోసారి రాగానే డిష్ బాబాయ్ టేపు ఇరుక్కుందనుకుని ముందుకు తిప్పేశాడు. మూడోసారి రాగానే మళ్ళీ తిప్పాడు. ఎపిసోడు ఇడ్లీ తినేలోపు అయిపోయింది. నేను కేబుల్ గదికి పరిగెత్తుకెళ్ళి అరిస్తే, "ఏంట్రా సైన్సూ, ఒకటే ముక్క ఎన్నిసార్లు వేస్తాం? జనం తిట్టరూ?" అన్నాడు. మాస్టారు విసనకర్రతో విసురుకుంటూ "కూర్చో నాయనా, మజ్జిగ తాగుతావా?" అన్నారు. నేను తాగలేదు.

ఓడ నడిపే పిల్ల అన్నాను కదా. ఆమెకు మాస్టారు తారమ్మ అని పేరు పెట్టారు. (అసలు పేరు పలకడానికి మా ఊళ్ళో ఎవరికీ నోరు తిరగదు. నాకూ తిరగదు.) కురచ జుట్టు, గడుసు మాట, ఎవరికీ జంకదు. మా అమ్మకు అక్క, మా దొడ్డమ్మ, మాతోనే ఉండేది. ఆవిడకు పిల్లల్లేరు. తారమ్మంటే ఆవిడకు ప్రాణం. "జుట్టు పెంచుకుంటే మహాలక్ష్మిలా ఉంటుంది" అనేది ప్రతి ఆదివారం. ఓడలోని డాక్టరుకూ తారమ్మకూ పెళ్ళయిన ఎపిసోడులో (పెళ్ళి నిజంగా కథలో ఉందండి, మాస్టారి కల్పన కాదు) దొడ్డమ్మ టీవీ మీద అక్షింతలు వేసింది.

పెళ్ళయిన రెండు వారాలకే ఆ పిల్ల చచ్చిపోయింది. ఓడలో ఒక భాగానికి నిప్పంటుకుంటుంది. దాన్ని విడదీసి దూరంగా తీసుకుపోకపోతే అందరూ బూడిదవుతారు. తారమ్మ ఒక్కతే అందులో ఎక్కి, తలుపు లోపల్నుంచి గడియ వేసుకుని, దాన్ని తిన్నగా సూర్యుడిలోకి నడుపుకుంటూ వెళ్ళిపోతుంది. శనివారం నాడు బాబాయ్ గదిలో ఒక్కణ్ణే కూర్చుని, గొంతుతో సహా ఆ టేపు చూశాను. అంతరిక్షంలో మంటల చప్పుడు వినిపించడం శుద్ధ తప్పు. అయినా అంత గొప్ప ఎపిసోడు నేను చూడలేదు. ఆదివారం ఊరంతా చూస్తుందనీ, ఊరంతా నాలాగే అయిపోతుందనీ ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఆదివారం మాస్టారు అదే బొమ్మ చూశారు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు చూశారు, అద్దం అవతల డాక్టరు తలబాదుకోవడం చూశారు. మైకులో విసనకర్ర కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత నెమ్మదిగా అన్నారు: "ఆషాఢం వచ్చింది కదమ్మా. కొత్త పెళ్ళికూతురు. పుట్టింటివారు కబురు పెట్టారు. అదిగో, బయల్దేరింది."

నేను అరుగు మీంచి లేచి నిలబడ్డాను. సూర్యుడిలో పడి కాలిపోతున్న ఓడను చూస్తూ మా ఊరి ఆడవాళ్ళు "క్షేమంగా వెళ్ళి లాభంగా రా తల్లీ" అంటున్నారు! కేబుల్ గదికి వెళ్ళి అడిగాను, "అది చనిపోయింది మాస్టారండీ, మీకు తెలుసు" అని. "తెలుసు నాయనా. కానీ నిన్న గాక మొన్న అక్షింతలు వేసినవాళ్ళతో ఆ మాట ఎలా అనను? పైన తథాస్తు దేవతలుంటారు" అన్నారు. తథాస్తు దేవతలు! ఫిజిక్సు పుస్తకం ఆయన మొహాన కొట్టాలనిపించింది.

ఆ నెలంతా నేను నిప్పులు తొక్కాను. తర్వాతి ఎపిసోడులో తారమ్మ ఫోటో దగ్గర అందరూ తలలు దించుకుని పూలు పెడితే, పుట్టినరోజన్నారు మాస్టారు. డాక్టరు గడ్డం పెంచితే, భార్య ఊళ్ళో లేని మగాడు అంతేనన్నారు. ఇవన్నీ నమ్మి మా దొడ్డమ్మ, శ్రావణం రాగానే ఆ పిల్ల క్షేమంగా ఓడకు తిరిగొస్తే అన్నవరంలో వ్రతం చేయించుకుంటానని మొక్కుకుంది. మాస్టారి మీద అప్పటిదాకా ఉన్న కోపం ఒక ఎత్తు, ఆ మొక్కు విన్నాక వచ్చిన కోపం ఒక ఎత్తు. నన్ను పెంచిన మనిషిని ఆయన వెర్రిదాన్ని చేస్తున్నాడు. ఆవిడకు నిజం తెలియాల్సిందే అనుకున్నాను. ఇంట్లో చెబితే "నువ్వూరుకోరా, నీకన్నీ అపశకునాలే" అని కొట్టిపారేసింది.

శ్రావణం వచ్చింది. ఇక కోడలు పుట్టింట్లో ఉండటానికి వీల్లేదు. ఊరంతా ఆ ఆదివారం కోసం ఎదురుచూస్తోంది. సరిగ్గా శనివారం సాయంత్రం మాస్టారికి గొంతు పట్టేసింది. (పట్టేసిందట! పొద్దున్న కూరగాయల బండివాడితో ఆయన ఆడిన బేరం నేను చెవులారా విన్నాను.) డిష్ బాబాయ్ తల గోక్కుంటూ మా ఇంటికొచ్చి, "రేపొక్కరోజు నువ్వు చెప్పరా సైన్సూ" అన్నాడు. సింహాసనం ఇచ్చినా అంత సంతోషించేవాణ్ణి కాను.

ఆదివారం మైకు ముందు కూర్చున్నాను. టేపు మొదలవగానే స్పష్టంగా చెప్పాను: "ప్రేక్షకులకు గమనిక. తార చనిపోయింది. ఆవిడ పుట్టింటికి వెళ్ళలేదు. సూర్యుడిలో పడింది. నెల రోజులుగా మీకు చెప్పిందంతా అబద్ధం. సూర్యుడి ఉపరితలం మీద ఉష్ణోగ్రత..." అంటూ హైడ్రోజను, హీలియం, గురుత్వాకర్షణ అన్నీ చెప్పాను. మధ్యలో ఫోను మోగింది. బాబాయ్ ఎత్తి, వెంటనే పెట్టేశాడు. మళ్ళీ మోగింది. ఎత్తలేదు. నిజం చెబితే ఇలాగే ఉంటుంది అనుకుని ఇంకా గట్టిగా చెప్పాను.

ఎపిసోడు ముగించి ఛాతీ విరుచుకుని వీధిలోకి వచ్చేసరికి, ఊరు ఊరంతా తడిజుట్టుతో ఉంది. ప్రతి గుమ్మంలోనూ ఒకావిడ తల తుడుచుకుంటోంది. ఏ ఇంటి పొయ్యీ వెలగలేదు. నాకు అర్థం కాలేదు. మా నాన్న అరుగు మీద ఖాళీ కంచం ముందు కూర్చుని, "చావు కబురు చెప్పావుగా! స్నానం చెయ్యకుండా వంటింట్లోకి ఎలా వెళతారు?" అని నా మీద విరుచుకుపడ్డాడు. కనీసం అక్కడితో ఆగినా బాగుండేది. ఎన్నాళ్ళు మైల పట్టాలని సిద్ధాంతిగారి దగ్గరికి మనిషిని పంపారు. ఆయన తీరిగ్గా ఆలోచించి, "పిల్ల పోయి పది రోజులు దాటింది కనక, కబురు విన్నవాళ్ళకు స్నానంతో సరి" అని తేల్చారట. తెరమీద బొమ్మకు మైల లెక్కలు! ఆకలి, అవమానం కలిసి నేను వీధిలో నిలబడే అరిచాను. భోజనం సాయంత్రమైంది.

దొడ్డమ్మ పెరట్లో తడిచీర ఆరేస్తోంది. నిజం తెలిసింది కదా, నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను. "నువ్వు చెప్పింది నిజమేరా" అంది నా వైపు చూడకుండా. "కానీ ఆ కబురు చెప్పే పద్ధతి అదేనా? రేపు కరెంటు ఎన్నింటికి పోతుందో చెప్పినట్టు చెప్పావు." అంతే. మర్నాడు నేను రాజమండ్రి బస్సెక్కేదాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మరుసటి ఆదివారం మాస్టారికి గొంతు వచ్చేసింది. ఆ సీరియల్ ఇక జన్మలో చూడనని ఒట్టు పెట్టుకుని, అరుగు చివర అటు తిరిగి కూర్చున్నాను. బొమ్మ మొదలైంది గానీ మాస్టారు కథ ఎత్తుకోలేదు. "అమ్మా, కుర్రాడు చెప్పింది నిజం. తారమ్మ ఇక రాదు. ఆ రోజు నాకు నోరు రాలేదు" అన్నారు. "నిప్పంటుకున్న ఓడ. లోపల అంతమంది. ఎవరో ఒకరు వెళ్ళాలి. నేను వెళతానంది. తలుపు తనే వేసుకుందమ్మా, ఎవరూ వెంట రాకుండా. అద్దంలోంచి మొగుడికి ఒక్క మాట చెప్పింది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు. నా కూతురైతే, వేళకి అన్నం తినమని చెప్పి ఉండేది."

ఉష్ణోగ్రత లేదు, హైడ్రోజను లేదు. అరుగు మీద ఒక్కసారిగా ఏడుపులు. పక్కింటాయన కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అదే చావు, అదే నిజం. నేను చెబితే తల మీద నీళ్ళు పోసుకున్నారు, ఈయన చెబితే గుండెలు బాదుకుంటున్నారు! పైగా ఆ పిల్ల చివర్లో మొగుడితో అన్న మాట నేను విన్నాను, అన్నం సంగతి అసలు లేదు. అది కూడా అబద్ధమే. ఆ అబద్ధానికి నాకెందుకు కళ్ళు మండుతున్నాయో తెలియక, కోపం పట్టలేక, పెరట్లోకి వెళ్ళి బోరింగు దగ్గర మొహం కడుక్కోవడం మొదలుపెట్టాను.

వెనకాలే దొడ్డమ్మ వచ్చింది. నేను కడుగుతూనే ఉన్నాను, ఆవిడ బోరింగు కొడుతూనే ఉంది. కాసేపటికి చెయ్యి ఆపి అడిగింది: "నీకు మొదటి రోజే తెలుసు కదరా. ఇన్నాళ్ళూ ఒక్కడివే ఏడ్చావా నాయనా?"

దానికి ఆ కుర్రాడు ఏమన్నాడో తెలుసా? "నేనేం ఏడవలేదు, ఆ ఎపిసోడులో సైన్సు తప్పులున్నాయి" అని కసిరాడు. ఆవిడ తన కొంగుతో వాడి మొహం తుడిచింది. వాడు తుడిపించుకున్నాడు కూడా, అంత కోపంలోనూ.