రెండో అబద్ధం

మా సార్ పోయారని ఆయన భార్యే ఫోన్ చేసి చెప్పారు. "మీ సారు పోయిండ్రు బిడ్డా. చాయ్ పెట్టి లేపుదామని పోతే లేవలే," అన్నారు. అప్పుడు నేను హెడ్‌ఫోన్లలో ఆయన ఊపిరే వింటున్నాను. ఫోన్ కోసం ఒక చెవి ఖాళీ చేసుకున్నాను గానీ, రెండో చెవిలో ఆయన ఊపిరి తీస్తూనే ఉన్నారు.

సార్ అమీర్‌పేటలో కోచింగ్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవారు. క్లాసులయ్యాక స్కూటర్ మీద పంజాగుట్టలో మా ఆఫీసుకు వచ్చేవారు. మేం వీడియో గేములు తయారుచేస్తాం. మా అంతరిక్ష ఆటలో కల్పించిన యంత్రాలు సైన్సుకు నిలబడతాయో లేదో చూడటం ఆయన పని. ఏ యంత్రం చూపించినా ఒకటే ప్రశ్న: "మంచిగనే ఉన్నది. మరి గీ వేడంత ఏడికి పోతది?" మొన్న శ్మశానంలో చితి ముందు నిలబడ్డప్పుడు కూడా నాకు ఆ ప్రశ్నే వినిపించింది. ఇంకా వదల్లేదు.

ఆయనకో పద్ధతి ఉండేది. ఆటకు ఒక్క అబద్ధం మాఫ్. "రెండోది చెప్తే మొదటిది సుత ఎవడూ నమ్మడు," అనేవారు. కాంతిని మించి పరిగెత్తే నౌకతో మా వంతు అబద్ధం అయిపోయింది. నౌక బయట పేలుళ్ల మోత పెడితే తీయించేశారు. గాలి లేని చోట మనిషికి తన ఊపిరి తప్ప ఏం వినపడుతుందని కోప్పడ్డారు. ఆ ఊపిరి ఎవరిచేత తీయించాలా అని మేం తర్జనభర్జన పడుతుంటే, తన స్కూటర్ హెల్మెటే తగిలించుకుని, లోపల మైకు దూర్చుకుని కూర్చున్నారు. చివర్లో ఆక్సిజన్ సిలిండర్ ఖాళీ అయినట్టు ఎగశ్వాస తీసి, ఆపేశారు. హెల్మెట్ తీసి, "జర చాయ్ చెప్పున్రి," అని నవ్వారు.

కర్మలయ్యాక సార్ భార్య ఆఫీసుకు వచ్చారు. "మీ ఆట లోపట సారు ఊపిరి ఉన్నదంట గద బిడ్డా. ఒక్కసారి వినిపిస్తవా?"

ఆటలో సిలిండర్ అయిపోతే ఆ ఊపిరి ఆగిపోతుంది. ఆ ఆగిపోవడం ఆమెకు వినిపించలేను. ఆటను మేం పరీక్షించుకోవడానికి, సిలిండర్ ఎప్పటికీ ఖాళీ కాకుండా చేసే మీట ఒకటుంది. సార్‌కు అదంటే ఒళ్లుమంట. దాన్ని నొక్కి, ఆమెకు హెడ్‌ఫోన్లు పెట్టాను.

ఆమె కళ్లు మూసుకున్నారు. కాసేపటికి, "ఎంతసేపు ఉంటది?" అని అడిగారు.

"మీరు విన్నంతసేపు ఉంటదమ్మా," అన్నాను.

తెర మీద నౌక పక్కన తెల్ల సూటులో మనిషి తేలుతున్నాడు. అతని సిలిండర్ ముల్లు నిండుగా చూపిస్తూ, కదలకుండా ఉంది.