గెడ్డలో ముందు నడిచేదాన్ని

మా జీపుతో వేగడం మా ఆయనతో వేగడం కంటే కష్టం. స్టీరింగు పావు చుట్టు తిప్పినా చక్రాలు కదిలేవి కావు. తిన్నటి రోడ్డు మీద కూడా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పుతూనే ఉండేవాడు. రెండో గేరు జారిపోకుండా మోకాలితో నొక్కిపట్టేవాడు. తలుపులు లేవు కాబట్టి వానంతా నా వీపు మీదే. అయినా దాన్ని ఎవరైనా తుక్కు అంటే ఆయన కంటే ముందు నాకు ఒళ్ళు మండేది.

గజపతినగరంలో ఉప్పు, ఉల్లిపాయలు, ఎండుచేపలు ఎక్కించుకుని కొండమీది సంతకు వెళ్ళేవాళ్ళం. దారిలో కొండల్లోంచి వచ్చే గెడ్డ ఒకటి దాటాలి. వాన పడిందంటే దాని అడుగున ఇసుక ఎక్కడుందో, గొయ్యి ఎక్కడుందో తెలియదు. ఆయన దిగి ముందు చక్రాల హబ్బులు చేత్తో తిప్పి, నాలుగు చక్రాలూ లాగేలా చేసి ఎక్కేవాడు. నేను చీర ఎగ్గట్టి నీళ్ళలో ముందు నడిచేదాన్ని. గొయ్యి తగిలితే పక్కకు జరిగేదాన్ని, వెనక జీపూ జరిగేది. నీళ్ళలోకి దిగాక యాక్సిలరేటరు మీద కాలు తీయకూడదు. తీస్తే సైలెన్సరులోకి నీళ్ళు ఎక్కి ఇంజను ఆగిపోతుంది. అందుకని ఆయన కళ్ళు నా మీంచి కదిలేవి కావు. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను ఇంత శ్రద్ధగా చూడలేదని దెప్పేదాన్ని.

పోయిన వానాకాలం ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి. కాలు కొంత తిరిగొచ్చి కర్రతో నడుస్తున్నాడు గానీ, క్లచ్చు తొక్కే బలం రాలేదు. రోజూ పొద్దున్నే వెళ్ళి జీపులో కూర్చునేవాడు. ఎడమ కాలిని కుడి చేత్తో ఎత్తి క్లచ్చు మీద పెట్టేవాడు. అది జారిపోయేది. మళ్ళీ పెట్టేవాడు. వంటింట్లోంచి చూస్తూ కుమిలిపోయేదాన్ని. అన్నం పెడితే సగమే తినేవాడు, అదీ కంచంలో కుడి పక్కది. బండి మీద బెంగ అనుకున్నాను.

ఆయన మేనల్లుడు భోగాపురంలో విమానాశ్రయం పనులకు బండ్లు తిప్పుతాడు. ఈమధ్య కొత్త ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొని మాకు చూపించడానికి తెచ్చాడు. దానికి క్లచ్చు లేదు, గేర్లు వాటంతటవే పడతాయి. ఇసుకకో బటను, బురదకో బటను. ముందు ఏదైనా అడ్డమొస్తే దానంతటదే ఆగుతుందట. ఎడమ కాలితో పనే లేదని వాడు చెప్పగానే మా ఆయన కర్ర వెతుక్కోకుండానే లేచాడు. బండి నడిపితే మనిషి మళ్ళీ నాకు దక్కుతాడని నాకూ ఆశ పుట్టింది. డాక్టరును ఒక మాట అడగాలని ఎవరికీ తోచలేదు. గెడ్డకే పోదామన్నాడాయన.

ఇప్పుడు దానిమీద వంతెన ఉంది. కింద పాత దారి అలాగే ఉంది. మేనల్లుడు బండిని ఇసుకలో ఆపి, స్టీరింగు మావకిచ్చి పక్కన కూర్చున్నాడు. నేను వెనక కూర్చున్నాను. మొదట బండి పాములా మెలికలు తిరిగింది. పాత అలవాటుకు ఆయన పావు చుట్టు తిప్పేవాడు, ఇదేమో చెయ్యి వేస్తే చాలు తిరిగేసేది. చెయ్యి కుదిరాక నవ్వాడు. జబ్బు చేశాక అదే మొదటి నవ్వు, సగం మూతితో. నా కడుపు నిండిపోయింది.

నీళ్ళ అంచున ఆపి, "దిగవేటే?" అన్నాడు.

ఈ బండికి ముందు ఎవరూ నడవక్కర్లేదత్తా అని మేనల్లుడు నవ్వాడు. నేను వింటానా? దిగి, చీర ఎగ్గట్టి, పిక్కలు మునిగే నీళ్ళలో నడిచాను. గొయ్యి తగిలింది. ఎడమకు జరిగి, ఆగమని చెయ్యెత్తాను. బండి ఆగలేదు. మేనల్లుడి కేక విని వెనక్కి తిరిగాను. బండి గట్టిగా కూత పెట్టి, దానంతటదే బ్రేకు వేసుకుని, నా నడుముకు జానెడు దూరంలో నిలిచిపోయింది.

తిట్టబోయి ఆగాను. అద్దంలోంచి ఆయన ముఖం కనిపించింది. ఆయన నన్ను చూడటం లేదు. కుడివైపు నీళ్ళ మీద నన్ను వెతుకుతున్నాడు. కాలూ చెయ్యే కాదు, ఎడమ పక్క చూపు కూడా పోయిందనీ, ఆ సంగతి ఆయనకే తెలియదనీ అప్పుడు అర్థమైంది.

"బండేటి ఆగిపోనాది?" అని మేనల్లుణ్ణి అడిగాడు. తర్వాత నన్ను పిలిచాడు. "ఒసే, ఎక్కడున్నావే? ముందర ఏటడ్డమొచ్చిందో సూడు."

"అడ్డం నేనే ఉన్నాను" అన్నాను.

నా గొంతు వచ్చిన వైపు మెల్లగా తల తిప్పాడు. అప్పుడు కనిపించాను. చాలాసేపు చూశాడు. స్టీరింగు మీంచి చెయ్యి తీసేసి, తనను దించమని మేనల్లుణ్ణి అడిగాడు.

ఆ రోజు నుంచి జీపులో కూర్చోవడం మానేశాడు. ఇప్పుడు ఆయనతో ఏం చెప్పాలన్నా, ముందు చుట్టూ తిరిగి వెళ్ళి ఆయన కుడి పక్కన నిలబడతాను.