డబ్లిన్‌లో కాన్పు, అల్లూరులో సలహా

మేం ఐర్లాండ్ వెళ్లి ఏడాది కూడా కాలేదు. నాకిప్పుడు ఐదో నెల. అక్కడ ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పుకి ఖర్చుండదు, కానీ ఆ పూట డ్యూటీలో ఎవరుంటే వాళ్లే చూస్తారు. ప్రైవేటులో మొదటి నుంచీ ఒకే డాక్టరు. అయితే మేం దాచుకున్నదంతా దానికే సరిపోతుంది. నొప్పులప్పుడు తెలిసిన ముఖం ఒక్కటీ లేకపోతే ఎలాగన్నదే నా భయం. అమ్మ పోయాక ఇలాంటివి చెప్పుకోవడానికి నాకు మిగిలింది అల్లూరు పెద్దమ్మ. చెల్లెలి పెళ్లికి నెల్లూరు వచ్చినప్పుడు ఒక రోజు ఆమె కోసం అట్టిపెట్టుకున్నాను.

ఉదయం ఎనిమిదింటికి నెల్లూరు బస్టాండులో బస్సెక్కాను. గంటకు కాస్త పైనే ప్రయాణం, టికెట్టు వంద లోపే. చిన్నప్పుడు ఈ బస్సులోనే కిటికీ సీటు కోసం నేనూ చెల్లీ జుట్లు పట్టుకునేవాళ్లం. అప్పుడు దారంతా వరి మళ్లే. ఇప్పుడు నడుమ నడుమ రొయ్యల గుంటలు, వాటిలో నీళ్లు చిమ్ముతూ తిరిగే చక్రాలు. అయినా ఊరు దగ్గరపడేసరికి అదే ఉప్పుగాలి తగిలి ప్రాణం లేచొచ్చింది. దిగి ఆటో ఎక్కబోతుంటే డ్రైవరు నా పొట్ట చూసి, "నడిమద్దెన కూర్చో అక్కా, నిదానంగా పోతాలే," అన్నాడు. అన్నట్టే నడిపాడు. సైకిళ్లు మమ్మల్ని దాటిపోయాయి.

పెద్దమ్మ నిన్నటి చేపల పులుసు పెట్టింది. మా వైపు పులుసు ఒక రాత్రి నిలవుంటేనే ముక్కకు రుచి. చిన్నప్పటిలాగే మామిడికాయ ముక్క ఏరి నాకే వేసింది. తింటూ రెండు ఆస్పత్రుల సంగతీ చెప్పాను.

"మొగుణ్ణి ఆడ లోపలికి రానిస్తారా?" అంది.

"రెండిట్లోనూ రానిస్తారు. కానీ ఆయన రాడు పెద్దమ్మా."

"రానన్నాడా? అడిగినావా నువ్వు?"

అడగలేదు. మా ఇళ్లలో కాన్పు గదిలోకి ఆడవాళ్లే వెళతారు, మగవాళ్లు వరండాలోనే ఉంటారు. ఆ వరండాని నేను ఐర్లాండ్ దాకా మోసుకెళ్లాను.

"నువ్వు పుట్టినప్పుడు మీ నాయన బయట తిరిగి తిరిగి చెప్పులరగదీసినాడు. లోపల మీ అమ్మ నా చెయ్యి పట్టుకోని, 'ఆయన యాడుండాడక్కా' అని ఒకటే అడగతా ఉన్నింది. పిలిచే ఆచారం యాడుంది మనకి?"

అమ్మ ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. పళ్లెం ముందే ఏడ్చేశాను.

సాయంత్రం అదే ఆటోలో ఇసకపల్లి తీరానికి వెళ్లాం. అమ్మ మమ్మల్ని అలల్లో ఆడించిన చోట కూర్చుని మా ఆయనకు ఫోన్ చేసి అడిగాను. "నేనే అడుగుదామనుకున్నా. నువ్వు వద్దంటావేమోనని భయమేసింది," అన్నాడు.

ఇప్పటిదాకా అన్నీ సవ్యంగానే ఉన్నాయి కాబట్టి ప్రభుత్వ ఆస్పత్రికే వెళుతున్నాం. అల్లూరు నుంచి బయల్దేరేటప్పుడు పెద్దమ్మ అమ్మ బదులు నా ఒళ్లో చలిమిడి పెట్టింది. బియ్యప్పిండి, బెల్లం పాకంతో చేసిన ఆ ముద్ద కడుపు చలవకని పుట్టింటివాళ్లు ఇచ్చేది. ఒకటి కాదు, రెండు ముద్దలు, ఇంకా వెచ్చగానే ఉన్నాయి. "ఒకటి అల్లుడికి. లోపల నిలబడాల గదా!" అంది. బస్సు కదిలాక కూడా ఒడిలో ఆ వెచ్చదనం అలాగే ఉంది.

పరాయి దేశంలో కాన్పుకి సిద్ధమయ్యేవాళ్లకు ఒక్క మాట. ఆస్పత్రుల్ని పోల్చుకునే ముందు, గదిలోకి మీతో ఎవరిని రానిస్తారో కనుక్కోండి. తర్వాత ఆ మనిషిని నోరు తెరిచి అడగండి.