పైప్ అప్ అంటే పైపు పైకెత్తడమే

మా ఊరికి నీళ్ళు తెస్తామని చాలామంది చెప్పారు. ఉన్న నీళ్ళు పోగొట్టింది మాత్రం నేనొక్కడినే. ఆ ఘనకార్యం నా నోటితోనే వినండి. మా ఊళ్ళో ఎవరిని అడిగినా పెంచి చెబుతారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో వరస కరువులు. ముదిగుబ్బ దగ్గర మా ఊరికి మిగిలింది ఒక్క బోరింగు. గంటసేపు కొడితే రెండు బిందెలు. నేనేమో కదిరిలో ముప్ఫై రోజుల స్పోకెన్ ఇంగ్లీషు పూర్తిచేసి, కొమ్ములు మొలిచిన పొట్టేలులా తిరుగుతున్నాను. అరవడానికి ఎన్ని మాటలున్నాయో అన్నీ బట్టీపట్టాను: షౌట్, యెల్, స్క్రీమ్. ఒక్క మాట మాత్రం ఆ కోర్సు పుస్తకంలో లేదు.

అప్పుడే కరువు చూడడానికి ఢిల్లీ నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఆయన రాస్తేనే మాకు కొత్త బోరు. ఆయన మాటలు మాకు తెలుగులో చెప్పాల్సిన మనిషి ఎక్కిన జీపు దారిలో పంక్చరైంది. "మావాడుండాడు కదప్పా!" అని మా నాయన నన్ను ముందుకు తోశాడు.

బోరింగు దగ్గర ఆడవాళ్ళు కొంగు నోటికడ్డం పెట్టుకుని తమ కష్టాలు గొణుగుతున్నారు. ఆఫీసరు చెయ్యి పైకి ఊపుతూ, "పైప్ అప్, మాతాజీ! పైప్ అప్!" అన్నాడు. ఎవరూ పలక్కపోయేసరికి ఎండిన చెనిక్కాయ చేలు చూడడానికి వెళ్ళాడు.

"ఏమంటాండాడురా?" అని వాళ్ళలో పెద్దదైన నాగమ్మవ్వ నన్నడిగింది.

"పైపులు పైకి తీయమంటాండాడు అవ్వా. లోపల నీళ్ళెంతుండాయో చూస్తాడంట."

"ఉండే రొండు బిందెలూ పోతాయి కదరా!"

"నాకు తెల్దా? పైప్ అంటే పైపు, అప్ అంటే పైకి. ఒగటో తరగతి పిల్లోళ్ళకు గూడా తెలుసు!"

మీరైనా నమ్మేవారు. బోర్లు ఎండే ఊళ్ళో పైపులు లాగడం తల దువ్వుకున్నంత మామూలు. ఆఫీసరు తిరిగొచ్చేసరికి పైపులన్నీ దారి పక్కన వరసగా పడుకున్నాయి.

"వాట్ ఈజ్ దిస్?"

"పైప్ అప్, సార్. యూ ఓన్లీ టోల్డ్, సార్!"

ఆయన తల పట్టుకున్నాడు. గొంతెత్తి మాట్లాడమనడానికి ఇంగ్లీషువాళ్ళు అలా అంటారట! మాటలు వచ్చేది గొంతులోంచా, గొట్టంలోంచా? ఇప్పటికీ నా కోపం ఆ భాష మీదే. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదివితే ఉన్న నీళ్ళు పోయాయి.

సంగతి తెలియగానే నాగమ్మవ్వ కొంగు దించింది. "నీ నోట్లో మన్ను బొయ్య! మాట్లాడమంటే పైపులు పీకిస్తివా? రేపట్నించీ రొండు మైళ్ళు నువ్వు మోస్తావా నీళ్ళు? ఆ దొరను గూడా ఒగ బిందె మోసి సూడమను!"

ఆ గొంతుకు వీధిలోని మేకలు చెదిరిపోయాయి.

"వాట్ ఈజ్ షీ సేయింగ్?" అన్నాడు ఆఫీసరు.

"నౌ షీ ఈజ్ పైపింగ్ అప్, సార్."

ఆయన బోరులో అన్నిటికన్నా అడుగున ఉండిన పైపు దగ్గర కూర్చున్నాడు. జానెడు మేర తప్ప తడి లేదు; అంటే బోరులో మిగిలిన నీళ్ళు అంతే. చేత్తో తడిమి చూసి, పుస్తకం తీసి రాసుకున్నాడు. పైపులు మళ్ళీ దించితే బురద తప్ప రాలేదు. నెల తర్వాత కొత్త బోరు పడింది. ఆ నెలంతా అవ్వ ఇంటికి నీళ్ళు మోసింది నేనే.

బోరు అవ్వ గొంతు మహిమేనని ఊరంతా అంటుంది. మరి ఆ జానెడు తడి చూపించింది ఎవరప్పా? అయినా సరే, కొత్త బోరింగు పిడి పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ దొర ఏ ఇంగ్లీషులో గొంతెత్తమన్నా పైపు ముట్టను. ఈ నీళ్ళు నా తప్పుడు తర్జుమా వల్ల వచ్చినవేనని మాత్రం చచ్చేదాకా పైప్ అప్ చేస్తూనే ఉంటాను.