కొత్త చెయ్యని పాట

మా బ్యాండులో ముగ్గురమే. పాడుతూ గిటారు వాయించేవాడొకడు, డ్రమ్ములవాడొకడు, బేస్ గిటారుతో నేను. వాళ్లిద్దరిదీ చింతపల్లి దగ్గర ఒకే కొండ ఊరు. నేను నాన్న ఉద్యోగం వల్ల మైదానం నుంచి పైకొచ్చిన గుంటని, ఆడపిల్లని. కాఫీ పండ్లు తొక్కతీసే షెడ్డులో, సీజను లేనప్పుడు, నూ మెటల్ వాయించేవాళ్లం. అంటే గిటారు తీగలు బాగా వదులు చేసి గుర్రుమనిపించడం, మాటలు ర్యాపులా విసరడం, కోపం పట్టలేనప్పుడు గొంతు చించుకుని అరవడం. మా గాయకుడు ఆ అరుపు ఏ వీడియో చూసీ నేర్చుకోలేదు. చిన్నప్పుడు సామ చేలో మంచె మీద నిలబడి చిలకల్ని తోలిన గొంతు అది. ఎంత అరిచినా బొంగురుపోయేది కాదు. నాకు కుళ్లుగా ఉండేది.

డ్రమ్ములవాడి గురించి చెప్పాలంటే నాకు మాట తిన్నగా రాదు. తుడుము, డప్పు వాయించి పెరిగిన చేతులు. వాడు మొదలెడితే షెడ్డు రేకులు కూడా లయలోనే అదిరేవి. మనిషి మాత్రం మహా మొండి. కొండ ఊళ్లలో పంట ఏదైనా ముందు ఊరి దేవతకి పెట్టి, 'కొత్త' పండగ చేశాకే తింటారు. సామకో కొత్త, చిక్కుడుకో కొత్త. వాడు మా పాటల్నీ ఆ జాబితాలో కలిపేశాడు. పాట కట్టాక, తర్వాత వచ్చే కొత్త పండగనాడు ముందు ఊళ్లో వాయించాలి, ఆ తర్వాతే బయటికి. మొదటిసారి మా గోల విని ఒక ముసలమ్మ "ఏటర్రా, ఈడికి దెయ్యం పట్టినాదా?" అంది. రెండో పాటకి ఆవిడే థింసా ఆట వరసలో చేరి అడుగులేసింది. మెటల్‌కి థింసా! ఆ వీడియో ఫోన్లలో పడి ఊరూరా తిరిగింది. పాడేరు, అరకు, ఆఖరికి విశాఖ కాలేజీలు కూడా మమ్మల్ని పిలిచాయి. అక్కడి పిల్లలు మా ముందు తలలూపుతుంటే నా కాళ్లు నేల మీద ఆనేవి కావు.

అంతలో విశాఖలో పెద్ద పోటీ వచ్చింది. అంతకుముందు ఏ స్టేజీ మీదా వాయించని పాటే వాయించాలని షరతు. మా దగ్గర ఒకటుంది, అప్పటిదాకా చేసినవాటిలో అదే గొప్పది. కానీ చిక్కుడు కొత్తకి ఇంకా నెల ఉంది.

"కొత్త సెయ్యకుండా సిక్కుడుకాయ తింతామేటి? ఇదీ అంతే," అన్నాడు డ్రమ్ములవాడు.

"ఇదేటి, కూరేట్రా? బేగి ఒప్పుకో. ఇలాటిది మళ్లీ రాదు," అని గాయకుడు బతిమాలాడు, తిట్టాడు, కాళ్లు పట్టుకోబోయాడు. వాడు కదల్లేదు.

ల్యాప్‌టాప్‌లో దరువు పెట్టుకుని మేమిద్దరం వెళ్లాం. గెలిచాం. వెళ్లడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. అంత మంచి పాట షెడ్డులో పడుంటే చూస్తూ ఊరుకోలేను. జీపులో ఘాట్ రోడ్డెక్కి తిరిగొచ్చి, పండగనాడు ముగ్గురం కలిసి దాన్నే వాయిద్దామని డ్రమ్ములవాణ్ణి అడిగాం.

"ఆ పాట ఎంగిలైపోనాది," అన్నాడు. కోపంగా కూడా కాదు.

గాయకుడు ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు. ఆ వారంలోనే బెంగుళూరు బ్యాండొకటి పిలిస్తే రైలెక్కాడు. దాంతో మా కథ ముగిసింది.

చిక్కుడు కొత్తనాడు నేనొక్కదాన్నే వెళ్లి ఆడవాళ్లలో కూర్చున్నాను. వాడు దేవత ముందు డ్రమ్ములు పరుచుకుని, అంతకుముందు ఎవరూ వినని పాట మొదలెట్టాడు. ఒంటరిగా కట్టుకున్నాడు. వాడి మీద ఎంత కోపం ఉన్నా, అలాంటి వాయింపు నేను మరెక్కడా వినలేదు. ఉన్నట్టుండి పుల్లలు ఎత్తిపట్టి ఆగాడు. కాసేపు చప్పుడు లేదు. మళ్లీ వాయించాడు, మళ్లీ అలాగే ఆగాడు.

"ఏటి నాయనా, ఆగిపోనావు?" అంది నా పక్కనున్నామె.

"ఇక్కడ ఆళ్లిద్దరూ వాయించాలమ్మా," అన్నాడు.