పడుకున్న భూచంపకం

ఈ ఉదయం పెరట్లో పనసచెట్టు కిందికి వెళ్ళేసరికి నా కాలు బురదలో దిగబడింది. ఫాల్గుణ మాసంలో, చినుకన్నది లేని రోజుల్లో, నా భూచంపకం మడిలో బురద! చూద్దును గదా, నా కోడలు నెల్లాళ్ళుగా బియ్యం కడిగిన నీళ్ళు, గేదె కుడితిలో కలపవలసిన నీళ్ళు, తెచ్చి అక్కడే పారబోస్తోందట. పైగా ఎంతో ఉపకారం చేసినట్టు, “మోకాళ్ళ నొప్పులతో మీరు రాలేకపోతున్నారు గదా అత్తయ్యా, ఎండిపోతోందని నేనే పోస్తున్నానండి” అంది. మట్టి తీసి చూస్తే దుంప నానిన అటుకులా వేళ్ళమధ్య చితికిపోయింది. మడంతా కెలికాను, గట్టిది ఒక్కటి దొరకలేదు. నా ఒళ్ళు మండిపోయింది.

నా ఈడువాళ్ళలోనైనా ఈ పువ్వు సంగతి ఎందరికి తెలుసో. భూచంపకానికి పువ్వు ముందు, ఆకు తరవాత. చైత్రం వచ్చే వేళకు, చెట్ల నీడన ఎండి బోసిపోయిన నేలను చీల్చుకుని, ఆకూ కాడా ఏమీ లేకుండా, ఎవరో దారినపోతూ నేలమీద పెట్టి మరిచిపోయినట్టు తెల్లటి పువ్వు లేస్తుంది, మధ్యలో ఊదారంగు రేకుతో. తొలకరికి ఆకులు వేస్తుంది, కార్తీకం దాటాక అవి పండి ఒరిగిపోతాయి. ఇక అప్పటినుంచి మళ్ళీ పువ్వు లేచేదాకా దానికి చుక్క నీరు తగలకూడదు. మా అమ్మది గోదావరికి ఎగువన కొండల పక్క ఊరు. పెళ్ళయి పడవలో దిగువకు వస్తూ ఆ దుంపలు కొంగున మూటగట్టుకు వచ్చిందట. ఆకు ఒరిగాక ఎవరైనా చచ్చిపోయిందంటే ఊరుకునేది కాదు. పడుకుంది అనాలి, పడుకున్నదాన్ని లేపకూడదు అనేది. వీధిబడిలో నేను నేర్చింది నాలుగక్షరాలే గాని, ఈ మాట మాత్రం అక్షరాలకంటే ముందే నేర్చాను.

కాపురానికి వస్తూ నేనూ కొన్ని దుంపలు తెచ్చుకుని ఈ పనసచెట్టు కిందే నాటాను. ఆ ఏటి చలికాలంలోనే అమ్మ పోయింది. ఆమె చేతిది నాకంటూ మిగిలింది ఈ మడి ఒక్కటే.

మా అత్తవారి ఊరికి కాలవ కొత్తగా వచ్చిన రోజులవి. తరతరాలుగా మబ్బుకోసం మెడలు నొప్పిపుట్టేలా చూసినవాళ్ళకు ఇంటి వెనకే నీళ్ళు పారుతుంటే పిచ్చెత్తిపోయింది, కనబడిన ప్రతిదానికీ నీళ్ళు పోయడమే. మా ఆయన అక్కగారు పురిటికి వచ్చి ఉంది. బోసినేల చుట్టూ నేను ముళ్ళకంప పెట్టడం చూసి ఇదేమిటే అని అడిగితే, నేను తెలివితక్కువగా ఉన్నమాట చెప్పాను, పడుకుంది వదినా అని. “ఓసి, మీ పుట్టింటి మొక్కలు కూడా బారెడు పొద్దెక్కేదాకా పడుకుంటాయటే! ఉండు, మొహం కడిగి లేపుదాం” అంది. మా అత్తగారు పగలబడి నవ్వారు. ఇక రోజూ అదే వేడుక, కంప మీదినుంచి చెంబెడు నీళ్ళు గుమ్మరించి, లేమ్మా కోడలుపిల్లా అని నన్ను చూస్తూ అనడం. కొత్తకోడలికి నోరెక్కడిది? చైత్రం వచ్చింది, పువ్వు రాలేదు. తవ్వితే అంతా కుళ్ళు, బొటనవేలంత ముక్క ఒకటి తప్ప. దాన్ని పొయ్యి బూడిదలో పొర్లించి, అటకమీద దాచి, తొలకరికి నాటాను. ఇన్నేళ్ళూ పూసింది ఆ ముక్క సంతానమే.

కొన్నేళ్ళకు మడి నిండా పువ్వులు చూసి వదినే ఒక దుంప ఇమ్మని అడిగింది. ఇవ్వబుద్ధి కాలేదు. అత్తగారు చూస్తున్నారని ఇచ్చాను, ఇస్తూ, “మొహం కడక్కండి వదినా” అన్నాను. ఆవిడ మొహం కందిపోయింది. ఆవిడ పెరట్లో అది వంటింటి గుమ్మం దాకా పాకిందని వెళ్ళివచ్చినవాళ్ళు చెబుతూనే ఉన్నారు. నేను ఏనాడూ చూడబోలేదు.

ఇప్పుడు ఆ వదిన దగ్గరికే నేను చెయ్యి చాచాలి. రేపు కాలవ పడవలో బయల్దేరుతున్నాను. పళ్ళూడినా ఆవిడ నోరు ఊడలేదు, మడి పోయిందనగానే “మొహం కడిగావటే?” అంటుంది. అననీ. దుంప చేతిలో పడ్డాక ఎన్నైనా అననీ.

కోడల్ని ఒక్కదాన్నీ ఏమనను, ఊరే అలా తయారైంది. నా చిన్నతనంలో కోతలయ్యాక చేను నెర్రెలు విచ్చి వేసవంతా పడుకునేది. ఇప్పుడు సార్వా పనలు ఎత్తీ ఎత్తకముందే దాళ్వా అంటూ రెండో పంటకి నీళ్ళు పెడుతున్నారు. ఎండిన నేల కంటబడితే అదేదో ఇంటికి అప్రతిష్ఠ అయినట్టు! నేలకు నిద్రన్నది లేకుండా చేశారు. నేల మాట దేనికి, ఇందాక భోజనం చేసి నడుం వాల్చి కళ్ళు మూశానో లేదో, కోడలు చెంబు పట్టుకుని వచ్చి నెత్తిమీద నిలబడింది, కాసిని మంచినీళ్ళు తాగుతారా అత్తయ్యా అంటూ.

“పడుకున్నానే తల్లీ” అన్నాను కళ్ళు తెరవకుండానే. “పడుకున్నదాన్ని లేపకూడదు.”