వెంట్రుకలు లేని పిన్ని చెప్పిన వెంట్రుకల పాఠం

"మీ పిన్ని ఎల్లిపోనాదిరా" అని నాన్న ఫోన్ చేసేసరికి నేను విజయనగరంలో ఆఫీసుకు బయల్దేరుతున్నాను. డిసెంబరు మొదటి వారం. రాత్రి భోంచేసి పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట. బస్సెక్కి రాజాం చేరేసరికి ఇంటినిండా జనం, ఆ జనం మధ్య ఒక తగువు. తలకు విగ్గు పెట్టి చెల్లెల్ని సాగనంపాలని అమ్మ పట్టుబట్టింది. తను బతికినట్టే పంపుదామని నాన్న. ఇద్దరూ నావైపు చూశారు.

తెలియనివారికి చెప్పాలి. మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, రాజాంలోనే ఒక బడిలో సైన్సు టీచరు. పెళ్ళి చేసుకోలేదు, మా ఇంట్లోనే ఉండేది. డిగ్రీ చదివే రోజుల్లో ఆమె జుట్టు గుప్పెళ్ళకొద్దీ ఊడటం మొదలై, కొద్ది నెలల్లో తల, కనుబొమ్మలు, కనురెప్పలు, చేతుల మీది నూగు, అన్నీ బోసిపోయాయి. ప్రాణానికి ఢోకా లేదుగానీ మళ్ళీ రావడం కష్టమన్నారు డాక్టర్లు. అమ్మ విశాఖపట్నం వెళ్ళి నడుం దాకా వచ్చే విగ్గు కొనుక్కొచ్చింది. పిన్ని కొన్నాళ్ళు ఏడ్చింది. ఏడవడం విసుగెత్తాక గమనించడం మొదలుపెట్టింది.

"కనుబొమ్మలంటే ఇంటికి సూరు లాంటివే అక్కా. సూరు లేకపోతే వానంతా గుమ్మంలోకే వస్తాది" అనేది, కళ్ళలోకి కారిన చెమట తుడుచుకుంటూ. రెప్పలకు వెంట్రుకలు లేక వీధిలో దుమ్మంతా ఆమె కళ్ళలోనే పడేది, అందుకని నీడపట్టున కూడా కళ్ళజోడు. ముక్కులో వెంట్రుకలు లేక చలికాలమంతా ముక్కు కారుతూనే ఉండేది. మనం మోసుకు తిరుగుతూ పట్టించుకోని వెంట్రుకల్లో దేనికి ఏ ఉద్యోగమో, అవి పోయాక ఆమె ఒక్కొక్కటిగా కనిపెట్టింది. పువ్వులంటే ప్రాణం. జడ లేదని మానలేదు, కనకాంబరాల దండ మణికట్టుకు చుట్టుకునేది. చర్చిలో ఆడవాళ్ళంతా ముసుగు వేసుకుంటారు కదా, "ఇక్కడొక్క సోటే నానూ మీలాగే ఉంటాను, అందుకే పెందరాళే వస్తన్నాను" అని పక్కవాళ్ళను నవ్వించేది.

నా చిన్నప్పుడు ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి వీధరుగు మీద కూర్చున్న నాన్నను పట్టుకుంది. మా నాన్నకు ఒంటినిండా బొచ్చు. పిన్ని ఆయన్ని ఉద్దానం తోటల్లో తిరిగే ఎలుగుబంటి అని ఏడిపించేది.

"బావా, సొక్కా సెయ్యి మడిసి కళ్ళు మూసుకో."

"ఏటి సేస్తావే?"

"సంపనులే, మూసుకో."

ఇద్దరి చేతుల మీదా చెరో చీమను వదలమని నాకు సైగ చేసి, తనూ కళ్ళు మూసుకుంది. వదిలీ వదలగానే నాన్న "ఒసే, సీమ!" అని చెయ్యి దులుపుకున్నాడు. పిన్ని చేతి మీద చీమ మాత్రం తీరిగ్గా మోచెయ్యి దాకా షికారు చేసింది. కుట్టాక గాని ఆమెకు తెలియలేదు. కుట్టినచోట గోక్కుంటూ ఏదో పందెం గెలిచినట్టు నవ్వింది. "సూసినావా? ఒంటి మీద నూగుంటే కాపలావాడు ఉన్నట్టే. పురుగు వాలగానే కేకేస్తాడు. నాకు కాపలా లేదు, దోమలకి పండగ."

అప్పటికింకా బడికి విగ్గుతోనే వెళ్ళేది. పిల్లలు జడుసుకుంటారని, విగ్గు తీయకూడదన్న మాట మీదే హెడ్మిస్ట్రెస్ ఉద్యోగం ఇచ్చారు. ఆ ఏడాది క్షీరదాల పాఠం చెబుతుంటే ఒక పిల్ల లేచింది. "టీచర్, ఆవుకి తోక కుచ్చు ఈగల్ని తోలుకోడానికి. పిల్లికి మీసాలు సీకట్లో దారి కోసం. మరి మనకెందుకు టీచర్ ఎంట్రుకలు?"

జవాబు తన ఒంటి మీదే ఉంది. దాన్ని కప్పిపెట్టి పుస్తకంలోని నాలుగు ముక్కలు అప్పజెప్పడానికి పిన్నికి మనసొప్పలేదు. విగ్గు తీసి బల్ల మీద పెట్టింది. బడి ఎదురుగానే నాన్న ఎరువుల కొట్టు. "మా బావని పిలుసుకు రండి" అని పిల్లల్ని తోలింది.

గోల విని హెడ్మిస్ట్రెస్ వచ్చేసరికి నాన్న చొక్కా చేతులు మడిచి మధ్యలో నిలబడి ఉన్నాడు, క్లాసంతా కళ్ళు మూసుకుని చేతుల మీద చీమల కోసం ఎదురుచూస్తోంది. పిన్ని బోడితలతో, చెరగని నవ్వుతో బోర్డు దగ్గర. ఒక్కడంటే ఒక్కడు జడుసుకోలేదు. ప్రశ్న అడిగిన పిల్లే "మేడం, మీరూ సెయ్యి సాపండి" అంది. ఆవిడ కాసేపు గుమ్మంలోనే ఆగి, లోపలికొచ్చి చెయ్యి చాపారు. మర్నాటి నుంచి పిన్ని విగ్గు లేకుండానే బడికి వెళ్ళింది. హెడ్మిస్ట్రెస్ కూడా ఒప్పుకున్నారు. అమ్మ మాత్రం కొన్నాళ్ళు అలిగింది. నాన్న ఏటా ఆ పాఠం రోజున కొట్టు కట్టేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వెళ్ళేవాడు.

ఆ పాఠంలో పిన్ని బోర్డును రెండుగా గీసేది. ఒకవైపు తెలిసినవి, ఒకవైపు అనుకుంటున్నవి. తల మీది జుట్టు ఎండను ఆపడానికి కావచ్చు. మిగతా ఒంటి మీద బొచ్చు పల్చబడింది చెమట ఆరి ఒళ్ళు చల్లబడటానికి కావచ్చు, పేలూ, రక్తం పీల్చే గోమార్లూ తగ్గడానికీ కావచ్చు. "కావచ్చు అనడానికి సిగ్గుపడకండి" అనేది. భయపడ్డ పిల్లి బొచ్చు నిక్కించి పెద్దగా కనబడుతుంది. మన బొచ్చు పోయింది గానీ, దాన్ని లేపే కండరానికి ఆ కబురింకా అందలేదని చెప్పి నవ్వించేది.

ఒక్కటి మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. నాన్నను అడుగుతూనే ఉండేది. "బావా, నీ సేతి మీది ఎంట్రుకలు సలేస్తే లెగుస్తాయి, బయమేస్తే లెగుస్తాయి. సర్చిలో పాట బాగా అందుకున్నప్పుడూ లెగుస్తాయి గదా, అప్పుడెలాగుంటాది?"

"ఏమోనే, లెగుస్తాయంతే."

"ఇంత బొచ్చుండి ఏటి లాభం! సెప్పడం రాదు."

ఆ రోజు తగువుకొద్దాం. "నా సెల్లికి నాను కొనిచ్చిన వస్తువది, అది పెట్టే పంపుతాను" అని అమ్మ బీరువా అంతా వెతికింది. విగ్గు డబ్బా దొరికింది. లోపల దువ్వెన తప్ప ఏమీ లేదు. అమ్మ ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని గొల్లుమంది. అంతలో పాస్టరమ్మ వచ్చి, ఏమిటి వెతుకుతున్నారని అడిగి, విగ్గని విని అమ్మ పక్కన చతికిలబడింది.

"అది సర్చి సామాన్ల పెట్టెలో ఉన్నాదమ్మా. టీచరమ్మే ఇచ్చినారు, ఎన్నో ఏళ్ళయింది. క్రిస్మస్ నాటకంలో ముగ్గురు జ్ఞానులకి... గడ్డాలు."

"గడ్డాలా?"

"ఆవిడే కత్తిరించి, కుట్టి మరీ ఇచ్చినారు. ఇన్నేళ్ళూ సూస్తన్నారు గదా మీరు."

అమ్మ ఏటా ముందు వరుసలో కూర్చుని, ఆ గడ్డాలు ఎంత బాగున్నాయో అని పిన్నితోనే అనేది మరి! ఏడుస్తున్నదల్లా ఫక్కున నవ్వింది. నవ్వుతూనే లేచి, తడిగుడ్డతో చెల్లెలి తల తుడిచి, కనకాంబరాల దండ మణికట్టుకు చుట్టింది. బడి నుంచి, ఊళ్ళ నుంచి వచ్చిన పాత విద్యార్థులు శవపెట్టె చుట్టూ నిలబడ్డారు. వాళ్ళలో ఒకామె "మా టీచరు మా టీచర్లాగే ఉన్నారు" అంది. అమ్మ తలెత్తి, గర్వంగా అందరివైపూ చూసింది.

ఆ క్రిస్మస్‌కు చర్చి కిటకిటలాడింది. బాలయేసును చూడటానికి జ్ఞానులు ముగ్గురూ పొడుగాటి నల్లటి గడ్డాలతో వచ్చారు. మూడోవాడు పశువుల తొట్టి ముందు వంగేసరికి గడ్డం మరియ వేషం వేసిన పిల్ల చేతికి రాసుకుంది. చక్కిలిగిలి ఆపుకోలేక ఆ పిల్ల కిలకిలా నవ్వేసింది. చర్చంతా నవ్వింది, అందరికన్నా గట్టిగా మా అమ్మ. ఆ నవ్వు మీదే పాట అందుకున్నారు, నవ్వుతున్న గొంతులన్నీ ఒక్కసారిగా పాటలోకి లేచాయి.

పక్కన నాన్న చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటున్నాడు. మోచెయ్యి దాకా వెంట్రుకలన్నీ లేచి నిలబడి ఉన్నాయి.

"సూడ్రా, ఇప్పుడైతే దానికి సెప్పగలను" అన్నాడు. పాట అయ్యేదాకా ఆ చెయ్యి అలా చాపే ఉంచాడు.